సీలాసు కోరుకున్న శోధన

ఏటిగట్టు పక్కన ఒక చిన్న ప్రార్థన మందిరం. దాని సంఘకాపరి జకరయ్య అయ్యగారు. ఆయన దగ్గర సేవ నేర్చుకోవడానికి వచ్చినవాడు సీలాసు. కంఠం ఖంగుమని మోగేది. ఉపవాసాలున్నా మొహం వాడేది కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అందరూ కలిసి ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు, విశ్వాసాన్ని పరీక్షించే శోధనలోకి తేవద్దని పరలోకపు తండ్రిని వేడుకునే చోట మాత్రం అతని గొంతు ఆగిపోయేది.

"అక్కడెందుకు ఆగుతావు నాయనా?" అని ఒకరోజు అయ్యగారు అడిగారు.

"అది భయస్తుల మాట అయ్యగారూ. శోధన రానివ్వండి. తట్టుకుని నిలబడితేనే కదా విశ్వాసం! నేనైతే పంపించమనే అడుగుతున్నాను."



"అడుగుతున్నావా?" అని మాత్రం అన్నారు అయ్యగారు.

ఆ ఏడాది ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో తోమాసు అనే పడవవాడు తాగుడు మానేశాడు. కల్లుపాక కంటబడకుండా పొలాలకు అడ్డంపడి, బురద తొక్కుకుంటూ మందిరానికి వచ్చేవాడు. సీలాసుకి అది నచ్చలేదు.

"దొంగలా ఈ చాటుదారేంటి తోమాసన్నా? తలెత్తుకుని పాక ముందునుంచే రా. నీ విశ్వాసం ఏపాటిదో ఊరు చూడాలి."

"నావల్ల కాదేమోనండీ..."

"నేనుంటాగా!"

మొదటిరోజు సీలాసు పక్కనే నడిచాడు. తోమాసు చూపు నేలమీదినుంచి ఎత్తకుండా పాక దాటేశాడు. ఆ సాయంత్రం కూటంలో సీలాసు లేచి దాన్ని సాక్ష్యంగా చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. తోమాసు మొహం కన్నా సీలాసు మొహమే ఎక్కువ వెలిగింది.

శనివారం సీలాసుకి తీరిక లేకపోయింది. తోమాసు ఒక్కడే బయల్దేరాడు. మందిరందాకా రాలేదు.

పొద్దు వాలుతుండగా అతని భార్య కరుణమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారూ, మా ఆయన మళ్ళీ పాకలో కూర్చున్నాడండీ!"

సీలాసు పెదవి విరిచాడు. "అతని విశ్వాసం అంతే."

అయ్యగారు కండువా భుజాన వేసుకున్నారు. "పద, తీసుకొద్దాం. నువ్వు ముందు నడు. నేను మెల్లిగా వస్తాను."

పాకలో తోమాసు నిలబడలేకుండా ఉన్నాడు. సీలాసు అతని చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని నడిపించాడు. ఆరోజు సంత. బజారంతా జనం. తూలుతున్న తోమాసు మీదపడడంతో సీలాసు తెల్లచొక్కాకి కల్లు మరకలయ్యాయి.

"ఇద్దరూ కలిసే వేసినట్టున్నారే!" అన్నారెవరో. నవ్వులు.

టీకొట్టు దగ్గర పక్క ఊరి సంఘపెద్ద కూర్చుని ఉన్నాడు. సీలాసు పాటను పదిమందిలో మెచ్చుకున్నవాడు. ఆయన గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "ఏం సీలాసుగారూ, ఈయన మీ మందిరం మనిషేనా?"

"కాదండీ," అన్నాడు సీలాసు. "ఎవరో. దారిలో పడి ఉంటే లేపాను."

మెడ మీది చెయ్యి తీసేశాడు. తోమాసుని గోడకి ఆనించి, చొక్కా దులుపుకుంటూ ముందుకి నడిచాడు.

"సీలాసుగారూ..." అని వెనకనుంచి తోమాసు పిలిచాడు. సీలాసు తిరిగి చూడలేదు.

ఎదురుగా అయ్యగారు వస్తున్నారు. ఆ మాట ఆయన విన్నారో లేదో సీలాసుకి తెలియలేదు. ఆయన అతన్ని దాటి వెళ్ళి, వంగి, తోమాసు చేతిని తన మెడ చుట్టూ వేసుకున్నారు. ఆ బరువుకి ముసలి నడుము ఇంకా వంగింది.

"అయ్యగారూ, మీ బట్టలు పాడవుతాయండీ," అన్నాడు టీకొట్టువాడు.

"ఉతుక్కుంటాంలే."

తర్వాత సీలాసు వైపు తిరిగారు. "ఆ రెండో చెయ్యి పట్టుకో నాయనా. నా ఒక్కడివల్ల కాదు."

బజారంతా చూస్తుండగా సీలాసు వెనక్కి వచ్చాడు.

ఇంట్లో తోమాసుని చాప మీద పడుకోబెట్టారు. కరుణమ్మ నీళ్ళు తెచ్చింది. సీలాసు తాగలేకపోయాడు.

"శోధన వస్తే గుర్తుపడతాననుకున్నాను అయ్యగారూ," అన్నాడు.

అయ్యగారు అతని తలమీద చెయ్యి వేశారు.

"పొద్దున్నే తోమాసు సిగ్గుతో లేస్తాడు. ఆ సిగ్గు ఎలా ఉంటుందో తెలిసినవాడు ఒకడు పక్కనుంటే మంచిది."

ఆయన వెళ్ళిపోయారు. సీలాసు తువ్వాలు పరుచుకుని, ఆ ఇంటి అరుగు మీదే పడుకున్నాడు.