రోడ్డు పడింది

ఏదైనా మాట పుట్టుక అడిగితే పరాంకుశం మాస్టారు వెంటనే చెప్పరు, చూపించడానికి చెప్పులు తొడుక్కుంటారు. ఆ సంగతి తెలిసే శిష్యుడు నరహరి ఆ సాయంత్రం మోటారు సైకిలు గుమ్మం ముందే ఉంచి లోపలికి వచ్చాడు.

"మాస్టారూ, మనం రోజూ అనే రోడ్డు ఇంగ్లీషులో మొదట దారి కాదట, గుర్రపు స్వారీ అట. గుర్రాలెక్కి ఊళ్ల మీద పడి దోచుకోవడాన్నీ ఆ మాటతోనే అనేవారట. ఆ పాత అర్థం ఎప్పుడు చచ్చిపోయిందండీ?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. "మేదరపేట పుంతకి పోనీ" అంటూ వెనకాల ఎక్కారు.

ఎద్దుబళ్లు తిరిగే ఆ పుంతని ఇప్పుడు రోడ్డు చేస్తున్నారు. నరహరికి ఆ కబురు విన్నప్పటినుంచీ మహా హుషారు, కాలేజీకి చుట్టు తిరగడం తప్పుతుంది మరి. కొత్తగా పరిచిన కంకర మీద దర్జాగా పోతుంటే నడిమధ్యన ఏదో అడ్డం కనిపించింది. హారన్ కొట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు.

తీరా చూస్తే నులకమంచం. దాని మీద పక్షవాతం వచ్చి పడివున్న సత్తెయ్య, ఒకప్పుడు ఊరందరికీ బుట్టలల్లి ఇచ్చినవాడు. హారన్ మోతకి అతని కళ్లు మాత్రం ఇటు తిరిగాయి. పట్టా లేని వాళ్ల పాకని పొద్దున్నే యంత్రమొచ్చి చదును చేసి పోయింది. ఒక పక్క కాలవకని తవ్విన గొయ్యి, రెండో పక్క ఎవరిదో నీళ్లు పెట్టిన చేను. భార్య వరాలు విరిగిన వెదురుబద్దలు ఏరుకుంటోంది.

"మంచం పక్కకి తియ్యమ్మా" అన్నాడు నరహరి, అలవాటు కొద్దీ.

"ఎటు తియ్యమంటారు బాబూ? రోడ్డు పడతందంటే మేమూ సంబరపడ్డాం. రోడ్డున పడేది మేమేనని ఒక్కరూ చెప్పలేదు."

నరహరికి తల కొట్టేసినట్టయింది. మాస్టారు తలవైపు, అతను కాళ్లవైపు పట్టి మంచాన్ని గొయ్యి అంచుదాకా జరిపారు. అంతకుమించి చోటు లేదు. వెనకే వచ్చిన కంకర లారీ మంచాన్ని రాసుకుంటూ పోయింది. దుమ్ము ముఖాన పడకుండా వరాలు మొగుడి మీద కొంగు కప్పింది.

నరహరి బండి వెనక్కి తిప్పి నిలబడ్డాడు. "చీకటి పడుతోంది, రండి మాస్టారూ" అన్నాడు.

ఆయన బండి ఎక్కలేదు.

"నీ స్వారీ కానివ్వు నాయనా" అన్నారు. "నేను నడిచి వస్తాను."