పట్టీ కింద చెక్క చీలలు

కాశింపీరాకు ఒకటే కోరిక. బస్సు పక్కన తన పేరు రాయించుకోవాలి.

ముందు ఆ బస్సు సంగతి చెప్పాలి. లతీఫ్ బాబాకు ఇల్లూ అదే, బండీ అదే. సీట్లన్నీ పీకేసి ఏడు మంచాలూ ఒక పొయ్యీ బిగించారు. బాబా, ఆరుగురు శిష్యులు అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, దర్గాల్లో ఉరుసు నుంచి ఉరుసుకు తిరిగేవారు. ఎంత పాతదంటే, దాని హారన్ విని దారిచ్చిన ఎద్దుల మునిమనవళ్లు కూడా ముసలివైపోయాయి!

దాని నడుం చుట్టూ, రేకుల అతుకు మీద, ఒక అల్యూమినియం పట్టీ. అది ఊడి టపటపా కొట్టుకుంటుంటే, ఆ చప్పుడుకు కావలిలో జనం ఉలిక్కిపడేవారు, ఒంగోలులో తలుపులు వేసుకునేవారు. వానొస్తే అతుకులోంచి నీళ్లు నేరుగా మంచాల మీదికే.

అలాంటి పట్టీని కాశింపీరా ఒక్క పూటలో బిగించేశాడు. పూటేమిటి, ఒక్క ఊపిరిలో! పదకొండు స్క్రూలు తిప్పుతుంటే నెల్లూరు మెకానిక్కులంతా పని ఆపి నోళ్లు తెరుచుకుని చూశారట. నిజానికి చూసింది ఒక మేక.

"బాబా, దాతలు ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు రాయించుకుంటారు. నేను పన్నెండేళ్లుగా ఈ బండికి చాకిరీ చేస్తున్నా. ఇదుగో, ఈ పట్టీ పైన, 'కాశింపీరా సేవ' అని రెండే రెండు ముక్కలు."

"ఫోటో కూడా వేయించరా, దిష్టికి పనికొస్తుంది" అన్నాడు తోటి శిష్యుడు నన్నేసాబు.

బాబా నవ్వలేదు. పట్టీ వెంబడి బొటనవేలు జరుపుకుంటూ పోయి తొమ్మిదో స్క్రూ దగ్గర ఆగారు. గోటితో లాగారు. ఊడి చేతిలోకొచ్చింది. దాని మరల నిండా సబ్బు.

కాశింపీరా మొహం చిన్నబోయింది. "అదొక్కటే బాబా. రంధ్రం వదులైపోయింది, సబ్బు కూరాను. మిగతా పదీ నా చేతి బిగువు. ఏనుగు లాగినా రావు."

"ఎందుకు రావో చూద్దాం. విప్పు."

"బిగించింది విప్పడమా! రేపే ప్రయాణం. పైన చూడండి, ఎలా మబ్బు పట్టిందో."

"విప్పు నాయనా."

విప్పాడు. పట్టీ చేతుల్లోకి దిగింది.

దాని వెనక, బిగించే తొందరలో కాశింపీరా చూడని టేకు చట్రం బయటపడింది. ఏళ్ల తరబడి స్క్రూలు దిగి దిగి గుల్లయిన రంధ్రాలు. ఒక్కోదాంట్లో ఎవరో ఒక చెక్క చీల దిగ్గొట్టి, చట్రంతో సమంగా చెక్కి, నున్నగా అరగదీశారు. ఒకటి వేప. ఒకటి వెదురు. ఒకటి తుమ్మ. ఒకదాని చుట్టూ ఎవరిదో చీర దారం బిగువుగా చుట్టి ఉంది. అతని పది స్క్రూలూ ఆ పది చీలల్లోనే దిగాయి. తొమ్మిదో రంధ్రం ఒక్కటే ఖాళీ.

కాశింపీరా ఒక్కో చీలనూ వేలితో తడిమాడు.

ఖాళీ రంధ్రం దగ్గర ఆగి అడిగాడు. "ఎవరు బాబా వీళ్లు?"

"నేను ఈ బండెక్కేనాటికే కొన్ని ఉన్నాయి. తర్వాత కొన్ని వచ్చాయి. ఎవరూ నాకు చెప్పలేదు."

కాశింపీరా వెళ్లి కంచెలోంచి ఎండు వేపకొమ్మ విరుచుకొచ్చాడు. పొద్దు వాలేదాకా కూర్చుని చెక్కాడు. చీల దిగింది. దాన్ని అరగదీశాడు. పట్టీ దాన్ని కప్పేసింది.

"పేరు రాసేవాణ్ని పిలవనా?" అని గిల్లాడు నన్నేసాబు.

"వద్దులే అన్నా."

మర్నాడు బస్సు కదిలిందో లేదో వాన. అలాంటిలాంటి వానా! పెన్నమ్మే 'ఇక చాలు తండ్రీ' అని చేతులు అడ్డం పెట్టేంత వాన. లోపల ఏడు మంచాలూ పొడిగా ఉన్నాయి.

కాశింపీరా గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. తడి లేదు. ఆ చేతినే నుదుటికెత్తి సలాం చేశాడు.

"ఎవరికి?" అన్నారు బాబా.

"తెలీదు బాబా."

బాబా లేచొచ్చి పక్కన నిలబడి, తన చెయ్యి కూడా గోడకు ఆనించి నుదుటికెత్తారు.