గుహ తలుపు తీసే వేళ

మీలో ఎవరు చెప్తారు? తేమ పట్టిన గది ఆరాలంటే తలుపు ఎప్పుడు తీయాలి? వేసవి మధ్యాహ్నమా, పొగమంచు కమ్మిన చలికాలపు తెల్లవారుజామునా?

మధ్యాహ్నమా? శశీ, నువ్వు కూడానా? సరే, చేతులు దించండి. ఈ కథలో సోమలింగం కూడా అదే అన్నాడు.

సముద్రానికి దగ్గర్లో ఒక కొండ, దాని మీద చిన్న మఠం. గురువు కూర్మస్వామి. మఠంలోని తాటాకు పుస్తకాలన్నీ కొండ గుహలో దాచేవారు. ఎండాకాలమైనా, చలికాలమైనా ఆ గుహ లోపల ఒకటే రకం వాతావరణం. దాని తాళంచెవి ముప్ఫై ఏళ్లుగా ఎర్రన్న అనే ముసలి శిష్యుడి దగ్గర ఉండేది. ఆయన పుష్యమాసంలో మంచు పడే వేళ తలుపు బార్లా తీసేవాడు. వేసవి వస్తే బిగించి మూసేసేవాడు.

ఎర్రన్నకు చూపు మందగించాక తాళంచెవి సోమలింగానికి వచ్చింది. చురుకైనవాడే గానీ, తనకే అన్నీ తెలుసనుకునే రకం.

"మంచులో తీసి ఎండలో మూస్తావా తాతా? వాన పడితే గొడుగు మూసుకునేవాడివి కాబోలు!"

ఎర్రన్న నవ్వాడు. "నాకు పెద్దలు ఇలాగే చెప్పారు నాయనా. ఎందుకో నేనడగలేదు."

వైశాఖం వచ్చింది. తడి పంచె ఆరేస్తే అరగంటలో పెళపెళలాడుతోంది. ఇంత మంచి గాలిని వదులుకోవడమెందుకని సోమలింగం రోజూ మధ్యాహ్నం గుహ తలుపు తీసిపెట్టాడు.

పదో రోజుకి గోడలు చెమర్చాయి. వైద్యం పుస్తకం మీద తెల్లటి బూజు లేచింది. ఆ పుస్తకానికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. అంటుకుపోయిన రెండు ఆకుల్ని విడదీయబోతే చిరిగిపోయాయి.

సోమలింగం గురువు దగ్గరికి పరుగెత్తాడు. "స్వామీ, కొండలోంచి నీళ్లు ఊరుతున్నాయి. గోడలకు సున్నం పూయించాలి."

"ఇన్నేళ్లూ లేని ఊట ఈ ఏడే వచ్చిందా?"

"ఎలా వచ్చిందో గానీ, గాలి తప్పు మాత్రం కాదు. నా పంచె చూడండి, ఎలా ఆరిందో!"

గురువు పంచె అంచు పట్టుకుని చూశాడు. "బాగా ఆరింది. గుహలో కంచు గంట ఉంది కదా, పొడిగుడ్డతో తుడిచి పట్టుకురా."

సోమలింగం తెచ్చాడు. గురువు దాన్ని నీడలో అరుగు మీద పెట్టించాడు. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. చూస్తుండగానే గంట మెరుపు మాసిపోయింది. వేలు పెడితే తడి.

"సరిగ్గా తుడవలేదా?"

"తుడిచాను స్వామీ!" అని మళ్లీ తుడిచాడు. మళ్లీ తడి.

"అయితే గంటలోంచి నీళ్లు ఊరుతున్నట్టున్నాయి. దీనికి కూడా సున్నం పూద్దామా?"

సోమలింగం గుడ్డ పక్కన పెట్టాడు. కాసేపటికి గంట వెచ్చబడింది. ఈసారి ఎవరూ తుడవలేదు, తడి దానంతటదే పోయింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. వేడిగాలి ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. అప్పటికే ఎంతో మోస్తున్నా ఇంకా చోటుంటుంది, అందుకే పంచెలో తడి కూడా తీసుకుంటుంది. అదే గాలి చల్లబడితే అంత మోయలేదు, ఎక్కువైనదాన్ని దింపేస్తుంది. గుహ చల్లదనం పట్టిన గంట మీద దింపింది, గోడల మీద దింపింది, పుస్తకం మీదా దింపింది. గంట వేడెక్కాక మళ్లీ ఎత్తుకుంది. మరి పుష్యమాసపు చలిగాలికి ఆ గుహే వెచ్చన కదా. లోపలికి వెళ్లాక దానికేమవుతుందో మీరు చెప్పాలి.

సోమలింగం తాళంచెవి తీసి గురువు ముందు పెట్టాడు.

"ఇంకెవరికైనా ఇవ్వండి స్వామీ. నా వల్ల రెండు ఆకులు పోయాయి."

గురువు తాళంచెవిని అతని వైపే జరిపాడు.

"ఇంకొకరికిస్తే, వాళ్లు నేర్చుకోవడానికి ఇంకో రెండు ఆకులు పోతాయి."

సోమలింగం లేచి వెళ్లి గుహ తలుపు మూశాడు. దీపం ముందు కూర్చుని, వైద్యం పుస్తకంలో మిగిలిన ఆకుల్ని ఒక్కొక్కటే నిమ్మగడ్డి నూనెతో తుడవడం మొదలుపెట్టాడు.

అంతే. మీరు ఆలోచిస్తూ ఉండండి. చేటలో మినుములు సగం చెరిగి వదిలేశాను, మిగతావి కానిచ్చి వస్తాను.