తలుపు కింద పీట

పరాంకుశాచార్యులు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఆ ప్రశ్న ఏ వస్తువు చుట్టూ తిరుగుతోందో ఆ వస్తువును తన ఎదటికి తెమ్మనేవారు. అన్నదమ్ముల మధ్య నూతి వాటా గురించి ధర్మసందేహం పట్టుకొచ్చిన ఒకాయనను ఆ నూతి నీళ్ళు చెంబెడు తెమ్మన్నారు. తాగి, తియ్యగా ఉన్నాయని మెచ్చుకొని, అన్నగారికి కూడా ఒక చెంబు ఇచ్చి రమ్మని పంపేశారు. ఆ మనిషి మళ్ళీ ఆ సందేహం ఎత్తలేదు. ఇది జవాబు ఎగవేసే పద్ధతి అనుకున్నవాళ్ళూ లేకపోలేదు. నాకు మటుకు, మాటల్లోకి వచ్చేటప్పుడు ప్రశ్న తన బరువులో కొంత దారిలో ఎక్కడో దించేసి వస్తుందనీ, ఆయన వెతికేది ఆ దించేసిన బరువునేననీ అనిపించేది.

కాకినాడలో ఆయన ఇంటి వరండాలో పాఠం జరిగేది. ఆయన కూర్చునేది పనసచెక్కతో చేసిన పీట. జానెడు ఎత్తున, నాలుగు పొట్టి కాళ్ళతో, వాడగా వాడగా నునుపుదేలి తేనెరంగుకు తిరిగిన పీట. ఆయన గురువుగారు కూర్చున్నదీ అదే. పాఠానికి ముందు మేమందరం దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకొనేవాళ్ళం. ఆయన వద్దని వారించలేదు, మెచ్చుకోనూ లేదు. ఆయన ఊళ్ళో లేని రోజుల్లో సైతం ఆ పీట మీద ఎవరూ కూర్చునేవారు కారు. కనీసం ఒక పుస్తకమైనా పెట్టేవారు కారు.

ఆ వరండాకు వచ్చేవారిలో త్రినాథ్ ఒకడు. పాలిటెక్నిక్‌లో లెక్కలు చెబుతాడు. ఒక ఆదివారం పాఠం ముగిశాక అతను లేచి, చేతులు కట్టుకొని, "స్వామీ, ఎంత ఆలోచించినా నిశ్చయం కుదరనప్పుడు మనిషి ఏం చేయాలి?" అని అడిగాడు.

"దేని గురించి?"

"సాధారణంగా అడుగుతున్నాను, స్వామీ."

"సాధారణంగా ఎవరికీ నిద్ర చెడదు నాయనా. నీ కళ్ళు చూస్తే నిద్ర పోయి చాలా రోజులైనట్టుంది. దేని గురించి?"

త్రినాథ్ తల దించుకొని, "కారు," అన్నాడు. వరండా అంతా నవ్వింది. ఆచార్యులు గారు నవ్వలేదు.

అసలు మాట బయటపడ్డాక మిగిలినదంతా దాని వెనకే వచ్చింది. తానూ, భార్య పుష్పలతా, తండ్రీ, హాస్టల్లో చదువుకుంటున్న కూతురూ. నలుగురూ కలిసి ఒకే బండిలో ఎక్కడికైనా వెళ్ళడమన్నది వాళ్ళింట్లో జరగలేదు. స్కూటరు మీద ఇద్దరు, ఆటోలో ఇద్దరు. అందుకే ఎత్తుగా, విశాలంగా ఉండే కారు ఒకటి కొనాలనుకున్నాడు. ఏ కారో తేల్చుకోవడం ఒక్క రోజులో అయిపోయింది. అందులో ఏ వేరియంట్ అన్న దగ్గర ఆగిపోయాడు. వినాయక చవితికి మొదలైన ఆలోచన శివరాత్రి దాటినా తెగలేదు. బేస్ వేరియంట్‌లో వెనక కూర్చున్నవాళ్ళకు ఏసీ గాలి రాదు. మధ్యదానిలో గాలి వస్తుంది, బండి వెనక్కి తీసేటప్పుడు చూసుకోవడానికి కెమెరా ఉంటుంది, కానీ పైకప్పు తెరుచుకోదు. కూతురు ఫోనులో అడిగేది ఆ తెరుచుకునే పైకప్పే. టాప్ వేరియంట్‌లో అదీ ఉంటుంది, దానితోపాటు చల్లబడే సీట్లు, మాట చెబితే వినే తెర, ఎందుకు పనికొస్తాయో ముందు నేర్చుకోవలసిన మరికొన్ని సదుపాయాలూ ఉంటాయి. ఏదో ఒకటి తీసుకుందామని రాత్రి అనుకుంటే, తెల్లారేసరికి రెండోది వదులుకున్న బాధ మొదలవుతుంది. పుష్పలత ఈ మధ్య కారు మాట ఎత్తితే వంటింట్లోకి వెళ్ళిపోతోంది. రేపు సాయంత్రంలోగా ఏ మాటా చెప్పకపోతే ఈ విడతలో తనకు రావలసిన బండి మరొకరికి వెళ్ళిపోతుంది.

"ఇంతేనా?" అన్నారు ఆచార్యులు గారు.

త్రినాథ్ తల అడ్డంగా ఆడించాడు. "మా నాన్న కూడా, స్వామీ," అన్నాడు. తండ్రి నూకరాజు గారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బండి చూడటానికి రమ్మంటే ఒక్కసారీ రాలేదు. వెళ్ళినప్పుడల్లా, "మీరెళ్ళండి, నేను ఇల్లు చూసుకుంటాను," అన్నారు. "మనకెందుకురా అంత బండి," అని కూడా ఒకసారి అన్నారు. జీవితమంతా బస్సు నడిపిన మనిషికి కొడుకు కొనే కారంటే చిన్నచూపో, ఆడంబరమని కోపమో త్రినాథ్‌కు అంతు పట్టలేదు. తక్కువది కొంటే పిసినారి అనుకుంటారేమో, ఎక్కువది కొంటే గొప్పలకు పోయాడంటారేమో. "అందరం కలిసి తిరగాలని కొంటున్నాను. ఆయన ఎక్కకపోతే ఏది కొన్నా నాకు ఒకటే," అన్నాడు. అప్పుడతని గొంతు లెక్కల మాస్టారి గొంతులా లేదు.

"రేపు పొద్దున ఆ కారును ఇక్కడికి తెప్పించు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ రండి. మీ నాన్నగారిని నేను ప్రత్యేకంగా రమ్మన్నానని చెప్పు," అన్నారు ఆచార్యులు గారు.

మర్నాడు పొద్దున నేను అరువు తెచ్చుకున్న పుస్తకం తిరిగి ఇచ్చే నెపంతో అక్కడికి వెళ్ళాను. తెల్లగా మెరుస్తున్న కారు వీధిలోకి మలుపు తిరిగి, మెల్లగా వచ్చి గుమ్మం ముందు ఆగింది. త్రినాథ్, పుష్పలత దిగారు. షోరూం తరఫున వచ్చిన సలీం గారు దిగి టై సరిచేసుకొని నమస్కారం పెట్టారు. చూపించడానికి తెచ్చేది ఎప్పుడూ టాప్ వేరియంటేనని ఆయనే నవ్వుతూ చెప్పారు. ఆ వెనకే ఒక ఆటో వచ్చి ఆగింది. దానిలోంచి నూకరాజు గారు దిగారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు.

ఆచార్యులు గారు కారునూ ఆటోనూ మార్చి మార్చి చూశారు. "ఒక ఇంటివాళ్ళు రెండు బళ్ళలో వచ్చారేం?"

"మావయ్య గారికి ఆటో అలవాటండీ," అంది పుష్పలత. ఆ మాట ఆమెకే నచ్చనట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

"ఆటో అయితే గాలి బాగా తగుల్తుంది సామీ," అన్నారు నూకరాజు గారు. ఆటోవాణ్ణి ఉండమనబోతుంటే, అక్కర్లేదని ఆచార్యులు గారు చెయ్యి ఊపారు. ఆటో వెళ్ళిపోయింది. నూకరాజు గారు అది మలుపు తిరిగేదాకా దాని వైపే చూస్తూ నిలబడ్డారు.

"సరే, అందరం ఒకసారి సముద్రం దాకా వెళ్ళి వద్దాం. ఎక్కండి," అన్నారు ఆచార్యులు గారు.

పుష్పలత అటు వైపు నుంచి ఎక్కి కూర్చుంది. నూకరాజు గారు ఎక్కలేదు. టైరును అరచేత్తో తట్టి చూశారు. బానెట్ ఎత్తించి లోపలికి తొంగిచూశారు. వంగి బండి అడుగు చూశారు. డీజిలా పెట్రోలా అని సలీం గారిని అడిగారు, జవాబు విని మళ్ళీ అదే అడిగారు. "ఇంజను మంచిదే. మీరెళ్ళి రండి సామీ, నేను ఈ వరండాలో కూర్చుంటాను," అన్నారు చివరకు. సలీం గారు ఉత్సాహపడి, "ఒక్కసారి లోపల కూర్చుని చూడండి సార్," అంటూ మీట నొక్కారు. పైకప్పు సర్రున వెనక్కి జరిగి ఆకాశం కనిపించింది.

"బానే ఉంది బాబూ. కానీ నేను పైనుంచి ఎక్కేవాణ్ణి కాదుగా," అన్నారు నూకరాజు గారు.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆచార్యులు గారు మాత్రం ఆయన ఎడమ చేతిని చూస్తున్నారు. తెరిచిన తలుపును పట్టుకున్న ఆ చెయ్యి, ఎక్కబోయి ఎక్కలేకపోయిన మనిషి చెయ్యిలా బిగుసుకొని ఉంది. అది చూసిన తరువాతే నేను కూడా ఆయన ఎడమ కాలి వైపు చూశాను.

"త్రినాథ్, లోపల నా పీట ఉంది, తీసుకురా."

ఆయన బయటే కూర్చుని ఏదో చెప్పబోతున్నారని త్రినాథ్ అనుకున్నాడు. రెండు చేతులతో, గుడిలో పళ్ళెం మోసినట్టు పీటను మోసుకొచ్చాడు. ఎక్కడ వేయమంటారని కళ్ళతోనే అడిగాడు.

"తలుపు కింద."

త్రినాథ్ కదలలేదు. ఆచార్యులు గారు తలుపు కింది చోటును వేలితో చూపించారు. అతను వంగి పీటను వీధి మట్టి మీద, కారు తలుపు కింద పెట్టాడు. "ఈ బళ్ళు చేసేవాళ్ళు ముసలివాళ్ళను మరిచిపోయారయ్యా," అంటూ ఆచార్యులు గారు చెప్పులు విడిచి, తన గురువుగారు కూర్చున్న పీట మీద కుడికాలు మోపి, కారులోకి ఎక్కి, మధ్యకు జరిగి కూర్చున్నారు. ఆ పొద్దున్నే ఆయన మేడ మెట్లు దిగి రావడం నేను చూశాను. ఆయనకు పీట అక్కర్లేదు.

"నూకరాజు గారూ, రండి. ఇటు చోటుంది."

"మీ పీట మీద కాలెట్టమంటారా సామీ?" అన్నారు నూకరాజు గారు.

"నేను పెట్టానుగా."

నూకరాజు గారు చెప్పులు విడిచారు. తువ్వాలుతో అరికాలు తుడుచుకున్నారు. వంగి పీటను తాకి కళ్ళకద్దుకున్నారు. తరువాత ఎడమ కాలు ముందు పెట్టారు. అది జానెడు లేచింది, పీట మీద నిలబడింది. ఆ పై కుడికాలు, తలుపు మీద చెయ్యి, ఒక మూలుగు. లోపల కూర్చున్నారు. కూర్చున్నాక ఆయన వదిలిన ఊపిరి వీధిలో నిలబడిన నాకు వినిపించింది.

త్రినాథ్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "నాన్నా..." అన్నాడు.

"చవితికి ముందు నుంచీ తొంటి పట్టేసిందిరా. కాలు పైకి లేగట్లేదు," అన్నారు నూకరాజు గారు, వాన పడేట్టుందని చెప్పినంత మామూలుగా. "బస్సు కేబిన్‌లోకి ఎగిరి కూర్చున్న మనిషిని, నన్నెత్తి కూర్చోబెట్టండ్రా అని ఏం అడుగుతాను? నలుగురిలో, ఆ షోరూంలో."

"ఇంట్లో చెప్పొచ్చుగా మావయ్య గారూ!" అంది పుష్పలత. ఆమె కోపపడుతోందో కన్నీళ్ళు ఆపుకుంటోందో తెలియలేదు. "మీకు మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నాం. ఇన్నాళ్ళూ!"

"పిచ్చిపిల్లా," అన్నారాయన.

త్రినాథ్ పీట తీసి, మట్టి తుడిచి, లోపలికి తీసుకెళ్ళబోయాడు. "లోపలికి కాదు, బండిలో పెట్టు," అని ఆచార్యులు గారు కారులోంచే చెప్పారు. అతను దాన్ని వెనక డిక్కీలో పెట్టి, వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. సలీం గారు అతని పక్క సీట్లో ఎక్కారు. కారు కదిలింది.

తరువాతి సంగతి పుష్పలత చెప్పగా విన్నది. కారు బీచ్ రోడ్డు ఎక్కిందట. అక్కడ నూకరాజు గారు కొడుకుకు బండి నడపడం నేర్పడం మొదలుపెట్టారట. "ఒరేయ్, మూడో గేరులో ఎంతసేపు ఏడిపిస్తావురా దాన్ని? నాలుగెయ్యి." త్రినాథ్ నాలుగేశాడు. "క్లచ్చి మీంచి కాలు తియ్యి. అది కాలు చాపుకునే చోటు కాదు." త్రినాథ్ తీశాడు. తండ్రి తనను అట్లా తిట్టి ఎన్నాళ్ళైందో గుర్తుకు వచ్చి అతనికి నవ్వు ఆగలేదట. వెనక నుంచి పుష్పలత కూడా నవ్వడం మొదలుపెట్టింది. సముద్రం కనబడే చోట కారు ఆపి, అతను పక్కకు తిరిగి, "సలీం గారూ, మధ్యది రాసేయండి. తలుపుల కింద కాలు మోపే మెట్టు వేయించండి," అన్నాడట.

"మెట్టు ఏ వేరియంటుకైనా వేయించుకోవచ్చు సార్. అది విడిగా బిగించేది."

"ఇన్ని నెలల్లో ఒక్కసారీ చెప్పలేదేం?"

"మీరు ఏ రోజూ తలుపు కింద గురించి అడగలేదు సార్. తెర ఎంత పెద్దదని అడిగారు, స్పీకర్లు ఎన్నని అడిగారు." సలీం గారు సందేహిస్తూ ఆగి, "రంగు?" అన్నారు. ఈ ప్రశ్న మరో ఆరు నెలలు తింటుందేమోనని ఆయన భయం.

"తెలుపు," అంది పుష్పలత, ఆయన నోరు మూయకముందే.

కూతురు పైకప్పు మాట మళ్ళీ ఎత్తితే? అద్దం దించుకోమని, తల మాత్రం బయట పెట్టొద్దని చెబుతానన్నారట నూకరాజు గారు, తన బస్సులో పిల్లలకు చెప్పినట్టే.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఎండ వరండాలోకి వచ్చింది. కారు దిగినప్పుడు త్రినాథ్ మొహం చూస్తే, చాలాకాలం మోసిన మూట ఎక్కడో మరిచిపోయి వచ్చి, దాన్ని వెతకాలని కూడా అనిపించనివాడిలా ఉన్నాడు. డిక్కీ తెరిచి, పీట తీసి తలుపు కింద పెట్టాడు. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆచార్యులు గారు దాని మీద కాలు మోపి దిగారు. నూకరాజు గారు లోపలే ఉన్నారు. ఇంటి దాకా ఆ కారులోనే వెళతారు. అద్దం దించి, మోచెయ్యి బయటకు పెట్టి, వీధిలో వచ్చేపోయేవాళ్ళను డ్రైవరు చూసే చూపుతో చూస్తున్నారు.

త్రినాథ్ పీటను ఎత్తి, తన చేతిరుమాలుతో నాలుగు వైపులా శ్రద్ధగా తుడిచి, కళ్ళకద్దుకొని, వరండా మెట్లెక్కబోయాడు.

"ఎక్కడికి?" అన్నారు ఆచార్యులు గారు.

"లోపల దాని చోట పెట్టి వస్తాను, స్వామీ. సాయంత్రం పాఠం ఉంది గదా."

ఆచార్యులు గారు ఒకసారి కారు వైపు చూశారు.

"నేను నేల మీద కూర్చోగలను నాయనా. ఆయన ఇంటి దగ్గర దిగొద్దూ?"