రాజుగారి వెల్లుల్లి లేహ్యం

వెనకటికి ఒకానొక రాజ్యంలో కొండుభట్టు అనే కుర్ర విదూషకుడు ఉండేవాడు. "రాజుగారి మొహమ్మీదే తప్పు చెప్పగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే!" అని గొప్పలు పోయేవాడు. అదీ రాజుగారు ఊళ్ళో లేనప్పుడు.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉంది. మందు చెప్పినవాడే రోగి ఎదుట మొదటి ముద్ద మింగాలి. మింగినవాడు నిక్షేపంగా ఉంటే, ఆ మందు అందరికీ మంచిదేనని లెక్క.

ఒకసారి రాజు విరూపసేనుడి పెంపుడు కుక్క మెరుపుకు జబ్బు చేసింది. సింహాసనం కిందనుంచి కదలదు. చిగుళ్ళు పాలిపోయాయి.

"నా వెల్లుల్లి లేహ్యం పెట్టండి," అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "నేలతల్లి ఇచ్చిన మందు, హాని చెయ్యదు. నెల్లాళ్ళుగా నేను తినడం లేదూ? ఎలా ఉన్నానో చూడండి!"

సభ సభంతా "ఆహా!" అంది.

కొండుభట్టు మెరుపు తల నిమిరాడు. అది నీరసంగానే అతని అరచెయ్యి నాకింది. పాపం, ఏది పెట్టినా నాకేస్తుంది. ఒంటికి పడదని నోరు విప్పి చెప్పుకోలేదు, చాచిన చేతిని నమ్మడమొకటే దానికి తెలుసు. ఎదురు చెబుదామంటే భయం, ఊరుకుంటే ఇది దక్కదేమోనని దిగులు.

"ప్రభూ, పట్టపుటేనుక్కి అజీర్ణం చేసింది. దానికీ తమరే మందు సెలవియ్యాలి."

"దానికేం! శొంఠి, మిరియాలు, బెల్లం. అన్నీ నేలతల్లివే."

కాసేపటికి మావటి తాటికాయంత ముద్ద పళ్ళెంలో మోసుకొచ్చాడు.

"మొదటి ముద్ద తమరిదే ప్రభూ. ఆనవాయితీ!" అన్నాడు కొండుభట్టు చేతులు కట్టుకుని.

రాజు పళ్ళెం పక్కకి నెట్టాడు. "ఏమయ్యా భట్టూ, నాదేమన్నా ఏనుగు పొట్టా?"

"కాదు ప్రభూ. మరి మెరుపుది రాజుగారి పొట్టా?"

రాజు ముందు ముద్దకేసి, తర్వాత మెరుపుకేసి చూశాడు.

"అయితే వెల్లుల్లి దానికి చేటంటావా?"

"నాకు తెలియదు ప్రభూ. తమకూ తెలియదు. తెలిసినవాణ్ణి అడిగేదాకా ఆగుదామనే నా మనవి."

రాజు పకపకా నవ్వి, మెళ్ళో హారం తీసి అతని మెడలో వేశాడు. వెంటనే పశువైద్యుణ్ణి పిలిపించాడు.

వైద్యుడు మెరుపు నోరు తెరిచి చూసి, వాసన పట్టి, "ఇది వెల్లుల్లి తింటోందా? కుక్కల రక్తాన్ని విరిచేస్తుందది. ఇప్పుడే ఆపితే బతుకుతుంది," అన్నాడు.

"ఇంకా పెట్టనేలేదండీ!" అన్నారంతా.

రాజు మెల్లగా సింహాసనం దిగి మెరుపు పక్కన చతికిలబడ్డాడు.

"పెట్టాను," అన్నాడు తల వంచుకుని. "ఆ కంపు నాకు పడదయ్యా. రోజూ నా ముద్ద దీనికే పెట్టేవాణ్ణి."