అమ్మని వెతుక్కుంటూ వెళ్ళిన కర్పూరం

ఇంతకుముందు నేనెప్పుడూ ఏమీ రాయలేదు. పిల్లలకి నోటితో చెప్పేదే ఇలా రాస్తున్నాను.

ఒకప్పుడు కర్పూరం రాయిలా ఉండేది. వాసనే లేదు. మూత తీసి ఏడాదిపాటు వదిలేసినా పిసరంతైనా తరిగేది కాదు.

అది పుట్టింది సముద్రం అవతల, ఒక చెట్టు కడుపున. ఓడ సరంగు గవరయ్య తెచ్చి తన పెళ్ళాం నూకాలు చేతిలో పెట్టాడు. నూకాలు దాన్ని భరిణెలో వేసి, ఉప్పు జాడీ పక్కన ఉంచింది.

కర్పూరానికి ఒకటే ధ్యాస. "మా అమ్మ దగ్గరికి పోవాలి."

"మొదలెట్టావా?" అంది ఉప్పు. "నాకు మాత్రం సముద్రం గుర్తు రాదా? మాలో సగంమంది తలో ఎలక్ట్రాన్ పూసా మిగతా సగానికి ఇచ్చేశారు. ఇక ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ పైనా కిందా, అటూ ఇటూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నిప్పుల్లో వేస్తే చిటపటమంటానే గానీ ఎగిరిపోలేను."

"మాలో ఎవరూ పూస ఇచ్చేయరు," అంది కర్పూరం. "మాకు ఒక్కో అణువూ ఒక్కో ఇల్లు. ఇంటికి పదిమంది బొగ్గన్నలు, పదహారుమంది హైడ్రోజన్ తమ్ముళ్ళు, ఒక్కతే ఆక్సిజన్ అక్క. పక్కపక్కనున్న ఇద్దరేసి చెరో పూసా వేసి, ఆ పూసల జంటని ఇద్దరూ కలిపి పట్టుకుంటారు. పక్కింటివాళ్ళ చేతులూ అంత గట్టిగానే పట్టుకుంటాం."

కిటికీలోంచి గాలి తొంగి చూసింది.

"గాలిమావా, నన్ను మోసుకుపోవా?"

"నీ బరువు చూసుకున్నావుటే! రాయిని నేనేం మొయ్యను? ఒక్కో ఇంటినైతే మోస్తాను. పొరుగు చేతులు వదులు."

"మరి ఇంట్లో చేతులు?"

"అవి వదిలావో, నువ్వు బొగ్గూ గాలీ అయిపోతావు. మీ అమ్మ నిన్ను గుర్తు పట్టదు."

పుట్టినప్పటినుంచీ పట్టుకున్న పొరుగు చేతులు! అయినా కర్పూరం అమ్మని తలుచుకుని, ఒక్కొక్కటే వదిలింది. మరీ ఒంటరి కాకుండా చిటికెన వేళ్ళు మాత్రం తగిలించుకుంది.

మర్నాడు పొద్దున నూకాలు మూత తీసింది. గుప్పుమంది!

"ఏటే పిల్లా, ఇంత వాసన ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? ఎక్కడికే ఆ తొందర?"

"మా అమ్మ దగ్గరికి, అత్తా."

నూకాలుకి కళ్ళు చెమర్చాయి. "తోడుంటే ఆగుతావేమో," అని భరిణెలో నాలుగు మిరియాలు వేసింది.

కర్పూరం వాటి వంక చూసింది. అత్త వంక చూసింది. చిటికెన వేళ్ళు కూడా విడిపించుకుని, ఒక్కో ఇల్లే గాలిమావ భుజమెక్కింది. దారి తెలియదు. ముందు ఆ గదిలోనే వెతికింది.

అప్పటినుంచే కర్పూరం కరిగి నీళ్ళవకుండా, చెప్పకుండా, రోజురోజుకీ తరిగిపోతుంది. మూత తీస్తే చాలు, ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకునే బయల్దేరి, గది మూలమూలకీ వెళ్ళి, "అమ్మా, ఇక్కడున్నావా?" అని అడుగుతుంది.