దారి తప్పిన పడవ, కొత్త కోడలు

ఇదిగో మేఘీ, ముందు ఆ అయస్కాంతం ఇలా ఇయ్యి. నా సూదుల డబ్బా బోర్లించావు, పిన్నీసులన్నీ దానికి వేలాడదీశావు, ఇప్పుడు పక్కలోకి కూడా తెచ్చావా? ఇయ్యమంటుంటే! సరే, కథ చెప్తాను. మధ్యలో 'ఎందుకు' అన్నావంటే అక్కడితో ఆపేస్తా.

అనగనగా సముద్రం ఒడ్డున ఎర్రతిప్ప అని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎల్లాజీ అని చేపలు పట్టేవాడు ఉండేవాడు. మంచివాడే గానీ, తాడు ముక్కైనా వైరు ముక్కైనా కోయడానికి వాడికి చెయ్యి వచ్చేది కాదు. మిగిలినదంతా దేనికో ఒకదానికి చక్కగా చుట్టిపెట్టేవాడు.

ఆ ఏడు వాడికి నూకరత్నంతో పెళ్ళయింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే వాడి పడవ దారి తప్పడం మొదలుపెట్టింది.

పడవలో దిక్సూచి ఉండేది. చెక్కపెట్టెలో తిరిగే చిన్న సూది, అంతే. ఆ సూది కూడా ఒక అయస్కాంతమే. దాని మానాన దాన్ని వదిలేస్తే ఉత్తరం వైపే చూస్తుంది. మన భూమే ఓ పెద్ద అయస్కాంతం గనక అలా తిప్పుతుంది. చూశావా, నువ్వడక్కుండానే చెప్పాను. ఇంక నోరు తెరవకు.

మొదటిసారి ఎల్లాజీ ఇంటికని బయల్దేరి పక్కూరి ఒడ్డున తేలాడు. దిష్టి తగిలిందన్నారు. పడవకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు.

రెండోసారి ఇంకా అవతల ఇసకదిబ్బ మీద ఇరుక్కున్నాడు. అప్పుడు దిక్సూచి పాడైందన్నారు. పెట్టెలోంచి పాత సూది తీసి కొత్తది పెట్టారు. పట్టపగలు ఒడ్డున నిలబడి చూస్తే అది బుద్ధిగా ఉత్తరమే చూపించింది.

మూడోసారి పడవ రాళ్ళ మీదకి వెళ్ళిపోయింది. వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత ఇంకేముంది! అందరి కళ్ళూ కొత్త కోడలి మీద పడ్డాయి. ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదన్నారు. నాకు ఒళ్ళు మండుతుంది ఈ మాట చెప్పాలంటేనే!

అత్త ముత్యాలమ్మ కోడలి చీరలు మూటకట్టి గుమ్మంలో పెట్టింది. పుట్టింటికి పొమ్మంది. ఆ ఊళ్ళో అలా పంపితే మళ్ళీ పిలవడం అనేది ఉండదు. ఎల్లాజీ తల వంచుకుని నిలబడ్డాడు, దద్దమ్మ!

నూకరత్నం ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి చివరికి విసుగొచ్చింది. మూట చంకన పెట్టుకుని ఒడ్డుకి నడిచింది. ఊరంతా వెనకాలే వెళ్ళింది.

"ఏమయ్యా, మన పెళ్ళయ్యాక నీ పడవలోకి కొత్తగా ఏమొచ్చింది?" అని మొగుణ్ణి అడిగింది.

"ఏమీ రాలేదు. ఓ లైటు పెట్టానంతే. చీకట్లో సూది కనపడాలి కదా."

"ఎప్పుడు పెట్టావు?"

"పెళ్ళయిన వారానికి."

"అయితే కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నేనా?" అంది నూకరత్నం. అని మూట ఇసకలో పడేసి పడవెక్కేసింది.

ఊరి గుండె ఆగినంత పనైంది. ఆడది పడవెక్కకూడదని వాళ్ళ ఆచారం మరి. పడవలో కాలే పెట్టని పిల్ల పడవని దారి తప్పించిందని నమ్మారు చూడు, వాళ్ళ తెలివి మీద మన్ను పొయ్య!

లోపల చూస్తే ఏముంది? బ్యాటరీ నుంచి లైటుకి వెళ్ళే వైరు బారెడు మిగిలితే, కోయడానికి మనసొప్పక, దిక్సూచి పెట్టె చుట్టూ ఇరవై చుట్లు చుట్టిపెట్టాడు మహానుభావుడు!

నూకరత్నం స్విచ్చి వేసింది. సూది గిర్రున పక్కకి తిరిగింది.

అప్పుడు స్విచ్చి ఆపింది. సూది మళ్ళీ ఉత్తరానికి వచ్చింది.

ఆ తర్వాత చుట్లన్నీ విప్పి వైరుని దూరంగా లాగి మళ్ళీ స్విచ్చి వేసింది. లైటు వెలిగింది, సూది కదల్లేదు.

అర్థమైందా? వైరులో కరెంటు పారినంతసేపూ ఆ వైరు కూడా అయస్కాంతమే. చుట్టిన కొద్దీ బలం పెరుగుతుంది. కరెంటు ఆగితే అదీ పోతుంది. ఒడ్డున పగలు లైటు వెయ్యరు గనక సూది బాగానే ఉండేది. సముద్రం మీద చీకట్లో వేసేవాడు, దారి తప్పేవాడు. ఇంత చిన్న సంగతికి అంత గోల!

అయినా ముత్యాలమ్మ ఊరుకుంటేనా! "ఇదంతా నీ చేతి మాయే" అంది.

అప్పుడు నూకరత్నం బ్యాటరీ, లైటు, స్విచ్చి అన్నీ ఒడ్డుకి దింపి, ఓ పెద్ద ఇనుప చీల తీసుకుంది. అదే వైరు దానికి చుట్టి, దాని మొన గాలాల గుట్ట దగ్గర పెట్టింది.

"నేను ముట్టుకోను. నువ్వే వెయ్యి అత్తా" అంది.

ముత్యాలమ్మ స్విచ్చి వేసింది. గాలాలు చీలకి గుత్తిలా అంటుకున్నాయి. స్విచ్చి ఆపింది. ఇంచుమించు అన్నీ ఇసకలో రాలిపోయాయి. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆపింది. ఎన్నిసార్లు చేసిందో! ముసలమ్మకి సరదా పుట్టింది గానీ, కోడలి మొహం వంక మాత్రం చూడలేకపోయింది.

చివరికి "పదవే, ఇంటికి పోదాం. అన్నం చల్లారిపోతోంది" అంది.

నూకరత్నం కదల్లేదు. "ఆ సూదిని బయటికి తీసి, ఎండలో పెట్టి, అటూ ఇటూ తిప్పి పరీక్ష చేశారు. నన్ను ఒక్కమాట అడిగారా అత్తా?" అంది.

అప్పుడు ముత్యాలమ్మ వంగి, తను కట్టిన ఆ మూటని తన నెత్తిన పెట్టుకుంది. ఊరందరి ముందూ దాన్ని మోసుకుంటూ ఇంటివైపు నడిచింది. నాలుగడుగులు వేసి, కోడలు వస్తోందో లేదో అని ఆగింది. అప్పుడు గానీ నూకరత్నం కదల్లేదు.

అంతే. ఏమిటే ఆ చూపు? కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందా? నా ఖర్మ!

కథ పోయె కంచికి,
నువ్వు పోవే మంచానికి,
ప్రశ్నలన్నీ పొద్దుటికి,
నిద్ర రానీ నా కంటికి!